ఆమె కుడిచేయి, నా నడుము

ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి. మా డిపోలో నడుము నొప్పి లేని డ్రైవరు కనిపిస్తే, వీడు డ్యూటీ ఎగ్గొట్టడంలో సిద్ధహస్తుడై ఉంటాడని నవ్వుకునేవాళ్ళం. ఇంజను అదురు, గుంతల రోడ్లు, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం అన్నీ కలిసి నా వెన్ను అడుగు పూసల మధ్య డిస్కును పక్కకు జరిపేశాయి. రిటైరయ్యాక ఇక విశ్రాంతే అనుకుంటున్న రోజుల్లో మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. అప్పటినుంచి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. మీకు వీటి అవసరం రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం, నాకు పట్టినంత కాలం మీకు పట్టకూడదు.

1. మూతి వంకర పోయిందంటే ముందు గడియారం చూడండి.

ఆ ఉదయం కాఫీ గ్లాసు ఆమె చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. వేడి చేసిందేమో, రాత్రి నిద్ర చాలలేదేమో అనుకుని పడుకోబెట్టాను. పైగా మజ్జిగ పట్టబోయాను. స్ట్రోకు వచ్చినవారికి మింగే శక్తి కూడా దెబ్బతింటుందనీ, నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చనీ నాకేం తెలుసు! రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. మెదడులో రక్తం కారి వచ్చిన స్ట్రోకుకు అదే మందు ప్రాణాంతకం. అందుకే ముందు సీటీ స్కాను తీసి తేల్చుకుంటారు. కాబట్టి స్కానూ, ఆ మందూ రెండూ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. మేము వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాం, తర్వాత స్కాను లేని నర్సింగ్ హోముకు వెళ్ళాం. ఆ తర్వాత గానీ వెళ్ళాల్సిన చోటికి చేరలేదు. అప్పటికి ఇంజెక్షను వేళ దాటిపోయింది. బతుకంతా టైము ప్రకారం బండి తీసినవాణ్ణి, ఆ ఒక్క రోజు టైము చూసుకోలేదు.

మూతి ఒక పక్కకు లాగినా, చేతులు రెండూ ముందుకు చాపమంటే ఒకటి కిందికి వాలిపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేయండి. ఎప్పుడు మొదలైందో టైము చెప్పండి. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.

2. రెక్క పట్టి లాగితే మనిషి లేవదు, భుజం జారుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆమెను మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. వంగి, చంకల కింద చేతులు వేసి, గోనెబస్తాను లేపినట్టు లేపేవాణ్ణి. ఒక్కోసారి పడిపోయిన చేతినే పట్టి లాగేవాణ్ణి. ఆమె ‘ఆ ఆ’ అని మూలిగేది. నాకు నడుములోంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగేది. ఇద్దరం పళ్ళు బిగించుకునేవాళ్ళం, అదే సేవ అనుకున్నాను.

ఫిజియోథెరపీకి వచ్చిన అమ్మాయి నా మనవరాలి ఈడుది. మొదటి రోజే అడ్డుపడింది. “తాతగారూ, ఆ చేయి లాగకండి. కండరాల్లో పట్టు లేదు, కీలు ఊడినట్టు జారిపోతుంది” అంది. తర్వాత చూపించింది. కుర్చీని ఆమెకు బాగున్న ఎడమ పక్కన, మంచానికి కొంచెం ఏటవాలుగా పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేయాలి. ఆమెను మంచం అంచుకు జరిపి, రెండు పాదాలూ నేలకు ఆనించి కాస్త వెనక్కి లాగించాలి. నేను ఎదురుగా నిలబడి, నా మోకాళ్ళతో ఆమె కుడి మోకాలు మడతపడకుండా కాయాలి. ఆమె నడుముకు చుట్టిన బెల్టును పట్టుకోవాలి. ఇక ఆమె ముక్కు కాలి వేళ్ళకు సూటిగా వచ్చేదాకా ముందుకు వంగాలి. అలా వంగితే పిరుదులు వాటంతటవే తేలతాయి! ఎత్తాల్సిన బరువులో సగానికి పైగా ఆమే మోసుకుంది. నా నడుము వంగలేదు, మోకాళ్ళు వంగాయి.

అయినా పాత అలవాటు పోలేదు. ఒక మధ్యాహ్నం తొందరలో మళ్ళీ చంకల కింద పట్టి లేపాను. నడుము పట్టేసింది. మంచం మీద పక్కకు తిరగడానికి కూడా కళ్ళలో నీళ్ళు వచ్చేవి. మా అమ్మాయి హైదరాబాదు నుంచి పరుగెత్తుకొచ్చింది. దానికి ఎత్తడం రాదు, భయం కూడా. పక్కన నిలబడి బెల్టు పట్టుకుని “లే అమ్మా, నేనున్నాగా” అనేది, అంతే. పక్క మంచం మీంచి చూస్తున్నాను. మా ఆవిడ మంచం కోడును ఎడమ చేత్తో పట్టుకుంది. ముందుకు వంగింది. రెండుసార్లు కూలబడింది. మూడోసారి లేచి నిలబడింది. అన్నాళ్ళూ ఆమె కాళ్ళు చేయాల్సిన పనిని నా నడుము లాక్కుంటోందని అప్పుడు అర్థమైంది. అయ్యో పాపం అని మనం చేసిపెట్టిన ప్రతి పనీ వాళ్ళకు దక్కకుండా పోయిన ఒక సాధన.

మెరుగు మొదటి మూడు నెలల్లో వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఇక రాదని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. నెమ్మదిస్తుంది, ఆగదు. మా ఆవిడ మెట్లు ఎక్కడం నేర్చింది ఏడాది దాటాకే. చేతికర్ర మంచి చేతిలో ఉండాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు.

3. దాచుకున్న నొప్పి మందుల షాపులో బయటపడుతుంది.

ఆమె అంత కష్టంలో ఉంటే నా నడుము గోల ఏమిటని ఎవరికీ చెప్పలేదు. షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుని మింగుతూ వచ్చాను. కొన్నాళ్ళకు కడుపులో మంట, కాళ్ళకు వాపు. ఆమెకు బీపీ చూడటానికి వచ్చిన డాక్టరుగారు ఎందుకో నా చేతికి కూడా పట్టీ చుట్టారు. అంకె చూసి మాత్రల సంగతి కూపీ లాగారు. “ఇవి కడుపును కాలుస్తాయి, కిడ్నీలను తింటాయి, బీపీని పెంచుతాయి. ఇంట్లో ఒక స్ట్రోకు చాలదా?” అన్నారు. సమాధానం ఏం చెప్పను?

సేవ చేసేవారి ఒంటి బాగోగులు రోగి చీటీలో ఎవరూ రాయరు. మీరే అడిగి రాయించుకోండి.

4. పడకేస్తే నడుము ఇంకా బిగుసుకుంటుంది.

మా నాన్న కాలంలో నడుము పడితే నెల రోజులు చెక్క బల్ల మీద పడుకోబెట్టేవారు. ఇప్పుడు వైద్యులు వద్దంటున్నారు. తట్టుకోగలిగినంత నడవమంటారు, పొట్ట కండరాలకూ వెన్ను కండరాలకూ వ్యాయామం చెబుతారు. నేను ఎక్కువ మంచం పట్టిన నెలల్లోనే ఎక్కువ నొప్పి పడ్డాను. స్కానులో కనిపించే జారుడును చూసి హడలిపోకండి. నొప్పే లేనివారి స్కానుల్లో కూడా అది కనిపిస్తుంటుంది. కానీ మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు. అది నడుము నొప్పి కాదు, నరం నలుగుతున్న గుర్తు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మంచం ఎత్తు కూడా చూసుకోండి. మా పాత నవారు మంచం మరీ కిందికి ఉండేది. వడ్రంగి చేత కోళ్ళ కింద దిమ్మెలు పెట్టించాను. బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించాం. వాటితో నా నడుముకు కలిగిన సుఖం ఏ బెల్టుతోనూ కలగలేదు.

5. మాట పోయింది గానీ మనిషి పోలేదు.

కుడి పక్క పడిపోయినవారిలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది. ఎక్కువమందికి మాటను నడిపే చోటు మెదడు ఎడమ సగంలో ఉంటుంది, ఒంటి కుడి పక్కను నడిపేదీ ఆ సగమే. మా ఆవిడకు మనం చెప్పేది దాదాపు అంతా అర్థమయ్యేది, తిరిగి చెప్పడానికే మాట దొరికేది కాదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆమె ముందే “పాపం, తెలివి లేదుగా” అనేవారు. ఆమె మొహం గోడవైపు తిప్పుకునేది. వాళ్ళ నోరు మూయించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మొహమాటం నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

వరసగా కంఠతా వచ్చినవి ఒక్కోసారి తేలిగ్గా నోటికొస్తాయని మాట నేర్పే థెరపిస్టు చెప్పింది. అంకెలు, వారాలు, పాటలు. నాకు పాటలు రావు. నాకొచ్చిన వరస ఒకటే, నా రూటు. సాయంత్రం పూట పక్కన కూర్చుని “ఒంగోలు, మద్దిపాడు, మేదరమెట్ల...” అని ఆగేవాణ్ణి. కొత్త పెళ్ళికూతురుగా నా బస్సులోనే ముందు సీటులో కూర్చుని పుట్టింటికి వెళ్ళిన మనిషి. చాలా రోజులు పెదవులు కదిలేవి, అంతే. ఒకరోజు “అ...ద్దంకి” అంది. మరునాడు అడిగితే రాలేదు. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. మాట అలాగే వస్తుంది, పల్లెవెలుగు బస్సుకున్నంత నియమం కూడా దానికుండదు. తొందరపెట్టవద్దు. ఆమె మాట కోసం వెతుకుతుంటే మీరు అందించేయవద్దు.

6. చుట్టాల వైద్యానికి తల ఊపండి, మాత్ర మాత్రం ఆపకండి.

పావురం రక్తం రుద్దమన్నవారు, పసరు తాగించమన్నవారు, ఫలానా ఊళ్ళో మూడు వారాల పత్యం చేయమన్నవారు మా ఇంటికి వరస కట్టారు. ప్రేమతోనే చెప్పారు. ఒకసారి పావురం రక్తం రుద్దనిచ్చాను కూడా. దుప్పటి పాడవడం తప్ప ఏమీ కాలేదు. నష్టం అక్కడ లేదు. పసరు తాగేటప్పుడు ఇంగ్లీషు మందు ఆపాలనే షరతులో ఉంది. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర మనంతట మనం ఆపితే రెండో స్ట్రోకును పిలిచినట్టే.

7. ఆమె ఏడుపులో సగం జబ్బుది, నా కోపంలో సగం నడుముది.

స్ట్రోకు తర్వాత కారణం లేకుండా ఏడవడం, నవ్వడం ఉంటాయి. అది మెదడు దెబ్బ. లోపల్లోపల కుంగిపోవడం వేరు. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో దాదాపు ఒకరికి ఆ కుంగుబాటు వస్తుందంటారు, దానికి వైద్యం ఉంది. నేను రెండింటినీ మొండితనం కింద జమ కట్టాను. అన్నం ముద్ద ఉమ్మేసిందని ఒకసారి కంచం విసురుగా పక్కకు నెట్టాను. ఆ రాత్రి నడుము సలుపు భరించలేకుండా ఉందన్నది నిజం. ఆమెకు ఆ సంగతి తెలియదన్నది కూడా నిజం. అప్పటినుంచి నొప్పి ఎక్కువగా ఉన్న రోజు ముందే చెప్పేస్తాను, “ఇవాళ నా జోలికి రాకు” అని. తల ఊపుతుంది.

8. రోజూ కాసేపు ఇల్లు విడిచి పొండి.

ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా అబ్బింది. ఆమెను వదిలి గడప దాటితే లోకం ఏమనుకుంటుందోనన్న బెంగ. లోకం ఏమీ అనుకోలేదు. ఎదురింటి పెద్దమ్మాయి సాయంత్రాలు వచ్చి కూర్చుంటానంటే ఎన్నాళ్ళో వద్దన్నాను, మోమాటం. చివరికి సరేనన్నాను. ఇప్పుడు ఆ వేళకు చెరువు కట్ట దాకా నడుస్తాను. మొదట్లో నేను చెప్పులు వేసుకుంటే మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఇప్పుడు ఆమెకు స్పష్టంగా వచ్చే మాటల్లో ‘పో’ ఒకటి, అయిదు దాటగానే దాన్ని నామీదే వాడుతుంది. వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీలు తెమ్మనడానికి మాత్రం ఇంకా ఎడమ చేతి సైగే. రెండు వేళ్ళు చూపిస్తుంది. బీపీ సంగతి గుర్తుచేసి ఒకటి తెస్తాను.