వనభోజనము నుండి వనవిడిదికి: ఊయల పడకకు కావలసిన సామగ్రి

కార్తిక మాసమున ఇంటిల్లిపాదియు వనభోజనమునకు పోవుట మనకు తరతరాల అలవాటు. ఉసిరిచెట్టు నీడన వండుకొని భుజించి, ప్రొద్దు గ్రుంకులోగా ఇల్లు చేరుదుము. ఇటీవల కొన్ని కుటుంబములు ఆ రాత్రి కూడ చెట్లక్రిందనే గడపగోరుచున్నవి. రెండు చెట్ల నడుమ గుడ్డ ఊయల కట్టి అందు నిద్రించుట ఇట్టి విడిదులలో ఒక పద్ధతి. దీనికి తొలిసారి బయలుదేరు కుటుంబము ఏయే వస్తువులు మూట కట్టుకొనవలెనో, అవి ఏల కావలెనో ఈ వ్యాసమున వివరింతుము.

వనభోజనపు మూట పగటి కొరకు కట్టునది. అందు వంటపాత్రలే ముఖ్యము. విడిది మూట రాత్రి కొరకు కట్టునది. కావున ప్రతి వస్తువును చేతబట్టుకొని, “అర్ధరాత్రి దాటిన పిదప చీకటిలో, చలిలో, వానలో ఇది మనకు ఎట్లు పనికివచ్చును?” అని ప్రశ్నించుకొనవలెను. సమాధానము దొరకిన వస్తువు మూటలో చేరవలెను. దొరకనిది చాలవరకు ఇంటనుండుటయే మేలు.

ఊయల వలన మేలేమి?

చేనిగట్టున చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యెల కట్టి బిడ్డను పరుండబెట్టుట మన పల్లెలలో ఎరుగనివారుండరు. పెద్దలు నిద్రించు ఊయల మాత్రము అమెరికా ఖండపు ఆదివాసుల నుండి లోకమునకు వచ్చినది. 1492లో కొలంబసు బహామా దీవులలో దానిని చూచెను. పిమ్మట ఐరోపా నావికులు ఓడలలో దానినే పడకగా వాడుకొనిరి.

శరీరము నేలకు తగులకుండుటయే దీని ముఖ్యగుణము. తడి, చీమలు, తేళ్ళు నేలపైననే యుండును. కట్లపాము రాత్రివేళ సంచరించి, నేలపై నిద్రించువారిని కరచుట తరచు. ఆ కాటుకు నొప్పి అంతగా లేకపోవుటచే నిద్రలోనున్నవారికి తెలియకపోవచ్చును. నేలకు ఎత్తున, దోమతెర లోపల పరుండుట ఈ అపాయమును చాల తగ్గించును. అయితే ఊయల దిగిన కాలు మరల నేలపైననే మోపవలెను. అందుచే మనిషికొక టార్చిలైటు, చెప్పులకు బదులు మడమ మూయు బూట్లు మూటలో మొదట చేరవలెను. తొడుగుకొనుటకు ముందు బూట్లను దులుపవలెను.

పట్టీలు, బరువు లెక్క

పెద్దలకు సుమారు పదియడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల గట్టి నైలాను గుడ్డ ఊయల తగును. పాతచీర ఇందుకు పనికిరాదు. ఊయలను చెట్టుకు కట్టుటకు సన్నని త్రాడు వాడరాదు. అది బెరడును కోయును. కనీసము అంగుళము వెడల్పు గల పాలియెస్టరు పట్టీలు కావలెను. ఇవి చూపునకు మంచపు నవారువలె నుండును గాని, మంచపు నవారు ఈ బరువును మోయజాలదు. పట్టీకి, ఊయలకు నడుమ ఉక్కు కొక్కెము ఉండవలెను. అది మనిషి బరువు మోయుటకై చేసినది కావలెను. తాళపుచెవుల గుత్తికి వాడునది కారాదు.

పట్టీని బిగువుగా లాగి కట్టినచో సుఖముగా నుండునని పలువురు తలంతురు. అది పొరపాటు. పట్టీ నేలమట్టమునకు 30 డిగ్రీల వాలున ఉన్నప్పుడు, 60 కిలోల మనిషి పరుండినచో ఒక్కొక్క పట్టీపై 60 కిలోల లాగుడు పడును. దానినే 10 డిగ్రీలకు బిగించినచో ఒక్కొక్క పట్టీపై 170 కిలోలకు మించి పడును. తెగుటయు, కొక్కెము విరుగుటయు అప్పుడే జరుగును. కాబట్టి ఊయల నడుమ దిగివ్రేలాడునట్లు కట్టి, అందు మూలగా పరుండవలెను. అట్లు పరుండిన వీపు వంగక చదునుగా నుండును. కూర్చున్నప్పుడు నేలకు ఎత్తు అడుగున్నర మించరాదు.

చెట్టును చూచుట

చెట్ల నడుమ దూరము పండ్రెండు మొదలు పదునైదు అడుగులు ఉండవలెను. మాను కనీసము ఎనిమిది అంగుళముల మందముండి, పచ్చిగా, నిటారుగా ఉండవలెను. చింత, వేప, మామిడి తగును. మునగ పెళుసు, దానికి ఎన్నడును కట్టరాదు. కాయలున్న కొబ్బరిచెట్టు క్రింద పరుండరాదు. కట్టుటకు ముందు తల యెత్తి ఎండుకొమ్మలు, తేనెపట్టు, ఎర్రచీమల ఆకుగూళ్ళు కలవేమో చూడవలెను. వాగుగర్భమున, ఇసుకతిన్నెపై విడిది చేయరాదు. ఎగువన కురిసిన వానకు నీరు రాత్రికి రాత్రియే రావచ్చును.

అభయారణ్యములలో అనుమతి లేక ప్రవేశించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కావున అటవీ అధికారుల అనుమతిగల స్థలమును గాని, తెలిసినవారి తోటను గాని ఎన్నుకొనవలెను. తొలిసారికి తోటయే మేలు.

చలి, వాన, దోమ

మంచముపై పరుండినవారికి చలి పైనుండి వచ్చును. ఊయలలో చలి క్రిందినుండి వచ్చును. దుప్పటి వీపు క్రింద నలిగినప్పుడు అందలి గాలి పోవును; చలిని ఆపునది ఆ గాలియే. అందుచే కప్పుకొనుటకు రెండు దుప్పట్లు తెచ్చి, క్రింద వేసికొనుటకు ఏమియు తేనివారు తెల్లవారులు వణకుదురు. నలగని నురుగు చాపను గాని, మందమైన గొంగళిని గాని వీపు క్రింద పరచుకొనవలెను. విశాఖ మన్యమున లంబసింగి వంటి చోట్ల చలికాలమున ఉష్ణోగ్రత సున్న డిగ్రీల చేరువకు దిగిన సందర్భములు కలవు. అట్టి చోట్లకు పోవువారు ఉన్ని టోపీలు, మేజోళ్ళు మరువరాదు.

కార్తికము ఈశాన్య ఋతుపవనముల కాలము. ఆకాశము నిర్మలముగా ఉన్నను టార్పాలిను వెంటనుండవలెను. ఊయలకు పైన త్రాడు కట్టి, దానిపై టార్పాలినును ఇంటికప్పువలె వాల్చి, నాలుగు మూలలు మేకులకు బిగింపవలెను. పట్టీ వెంబడి నీరు జారి పడకను తడపకుండ, ఊయలకు ఇవతల పట్టీపై ఒక నూలు పోగు ముడివేసి వ్రేలాడదీయవలెను. నీరు ఆ పోగు వెంట నేలకు కారిపోవును.

మలేరియాను దోమ మోసికొనిపోవునను సత్యమును రోనాల్డు రాసు 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో కనుగొనెను. ఆ దోమ రాత్రివేళ కుట్టును. మన్యప్రాంతములకు పోవువారికి దోమతెర తప్పనిసరి. అది ఊయల చుట్టును, అడుగున కూడ మూసికొని ఉండవలెను. ఏలయన పలుచని గుడ్డలో నుండి దోమ వీపును కుట్టగలదు.

పిల్లల విషయము

ఏడాది నిండని బిడ్డను ఊయలలో రాత్రి నిద్రపుచ్చరాదు. తల్లితో కలిపి ఒకే ఊయలలోను పరుండబెట్టరాదు. గుడ్డ ముడుచుకొని బిడ్డకు ఊపిరాడకపోవచ్చును. పసిబిడ్డకు చదునైన గట్టి పడకయు, పైన దోమతెరయు కావలెను. అట్టి ఏర్పాటు లేనిచో బిడ్డ పెరుగువరకు విడిది వాయిదా వేయుటయే తల్లిదండ్రులకు తగును. ఎదిగిన పిల్లల ఊయలలు తక్కువ ఎత్తున, తల్లిదండ్రుల ఊయలల నడుమ కట్టవలెను. క్రింద రాళ్ళు, మేకులు ఉండరాదు. ఒకదానిపై నొకటి కట్టరాదు. పిల్లలు ఊయలను గిరగిర త్రిప్పుకొని ఆడుకొనకుండ చూడవలెను; మెలిపడిన గుడ్డ మెడకు చుట్టుకొని ప్రాణములు తీయగలదు.

నీరు, తిండి, మందులు

త్రాగుటకు, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీరు ఇంటినుండి కొనిపోవలెను. వాగునీరు వాడక తప్పనిచో తెర్లించి చల్లార్చవలెను. మొదటి రాత్రికి పులిహోర, అటుకులు, వేరుసెనగ ఉండలు చాలును. చీకటిలో పొయ్యి వెలిగించు పని ఉండదు. మందుల పెట్టెలో శుభ్రమైన గుడ్డపట్టీలు, జ్వరపు మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, ఇంటిలో ఎవరైన నిత్యము వాడు మందులు ఉండవలెను.

పాము కరచినచో కాటును కోయరాదు, నోట పీల్చరాదు, పైన గట్టిగా కట్టరాదు. ఆ అవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కాటు గుర్తు కనిపించకున్నను, తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోవుచున్నచో అది కట్లపాము విషము కావచ్చును, ఆలసింపరాదు. అడవిలో ఫోను అందకపోవచ్చును గనుక, విషమునకు విరుగుడు సూదిమందు ఉన్న సమీప ఆసుపత్రి ఎచ్చటనో బయలుదేరుటకు ముందే కనుగొని కాగితముపై వ్రాసికొనవలెను. ఎచ్చట ఉందుమో, ఎప్పుడు తిరిగివత్తుమో ఊరిలో ఒకరికి చెప్పవలెను.

పెరటిలో తొలి రాత్రి

పండ్రెండు, ఎనిమిది ఏండ్ల పిల్లలున్న నలుగురి కుటుంబమునకు లెక్క ఇది: ఊయలలు నాలుగు, పట్టీలు ఎనిమిది, కొక్కెములు ఎనిమిది, దోమతెరలు నాలుగు, చాపలు లేక గొంగళ్ళు నాలుగు, దుప్పట్లు నాలుగు, టార్చిలైట్లు నాలుగు, పెద్ద టార్పాలినులు రెండు, చాలినంత త్రాడు, మేకులు, ఒక కత్తి, చెత్త తిరిగి తెచ్చుటకు ఒక సంచి.

ఈ సామగ్రిని మొదట అడవికి కొనిపోవలదు. ఇంటి పెరటిలో రెండు చెట్లకు కట్టి, నలుగురును ఒక రాత్రి అందే నిద్రింపవలెను. వీపునకు చలి తగిలినదా, పట్టీ జారినదా, పిల్లవాడు చీకటిలో తనంతట తాను తెర విప్పుకొని దిగగలిగెనా అనునవి ఆ రాత్రియే తెలియును. లోటు కనిపించినచో పది అడుగులలో ఇల్లున్నది. మరునాటి ఉదయము అక్కరకు రాని వస్తువులను మూటనుండి తీసివేసి, కొరతపడినవానిని చేర్చవలెను. అట్లు పెరటిలో సరిచూచుకొన్న మూటతో పోవు కుటుంబమునకు అడవిలో రాత్రియు వనభోజనమంత వేడుకగానే గడచును.