ఇంట్లోనే పడిపోతున్న పెద్దలు: అంబాజీపేట నుంచి ఒక అవగాహన

ఈ అంశం ఎందుకు చదవాలి?

2023 డిసెంబరు 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఎర్రవల్లిలోని తన ఫాంహౌస్‌లో జారిపడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మర్నాడు హైదరాబాద్ సోమాజిగూడలోని యశోద ఆసుపత్రిలో తుంటి మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. అప్పటికి ఆయన వయసు 69. కోలుకుని గజ్వేల్ ఎమ్మెల్యేగా ప్రమాణం చేసింది 2024 ఫిబ్రవరి 1న. చుట్టూ మనుషులుండి, వెంటనే పెద్దాసుపత్రికి చేరిన నాయకుడి సంగతే ఇది. కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరితోట పక్కన పెంకుటింట్లో ఒంటరిగా ఉండే మామ్మగారు అలాగే జారితే, తెల్లారి పాలు పోసే మనిషి వచ్చి పిలిచేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు.

గ్రూప్స్ రాసేవారికి ఈ అంశం జనాభా మార్పు, బలహీన వర్గాల సంక్షేమం కింద వస్తుంది. ఏఎన్ఎం, స్టాఫ్ నర్స్, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పరీక్షలకైతే ఇది నేరుగా వృత్తికి సంబంధించిన పాఠం. పుస్తకాల్లో దీన్ని నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. దానికి అంతకంటే ఎక్కువ చోటివ్వాలి. ఎందుకంటే వృద్ధులు పడటానికి కారణాలున్నాయి, వాటిని ముందే పసిగట్టవచ్చు, వాటిలో చాలావాటిని ఇంట్లోనే సరిచేయవచ్చు.

నిర్వచనం, అంకెలు

మనిషి తాను అనుకోకుండా నేల మీదికో, తానున్న చోటికంటే కిందనున్న మరో చోటికో చేరడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘పడటం’గా నిర్వచించింది. ఆ సంస్థ లెక్కల్లో పడటం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6.84 లక్షల మంది చనిపోతున్నారు. అనుకోని గాయాల వల్ల జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఏటా 3.73 కోట్ల సందర్భాల్లో వైద్యం అవసరమయ్యేంత దెబ్బ తగులుతోంది. మరణాల్లో 80 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోవే. 65 ఏళ్లు దాటిన వారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడతారు. 70 దాటితే అది 32 నుంచి 42 శాతానికి చేరుతుంది.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 60 ఏళ్లు దాటినవారు 8.6 శాతం, అంటే సుమారు 10.4 కోట్లు. 2021 అంచనా సుమారు 13.8 కోట్లు. అదే అంచనాలో వృద్ధుల వాటా ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు వరుసగా కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్. ఆ వెంటనే 12.4 శాతంతో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఈ వరుస ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది.

కోనసీమ ఇంట్లో ప్రమాదం ఎక్కడుంది?

అంబాజీపేట అనగానే కొబ్బరి మార్కెట్, కొబ్బరి పరిశోధన కేంద్రం గుర్తొస్తాయి. అక్కడ ‘పడ్డాడు’ అంటే ముందు మనసులో మెదిలేది చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుడే. ఆ ప్రమాదం పేపర్లో వస్తుంది. చెట్లెక్కేవారి కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డుకు కేర సురక్ష అనే బీమా పథకం కూడా ఉంది. పెరట్లో కాలుజారిన పెద్దాయన సంగతి మాత్రం ఆ ఇంటి గుమ్మం దాటదు. చాలాసార్లు పక్కగదిలో ఉన్న కోడలికి కూడా చెప్పరు.

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య నేల ఇది. వానాకాలం మొదలైతే పెరటి గచ్చు, నూతి గట్టు, కాలువ రేవు మెట్లు పాచి పడతాయి. ఎండిన కొబ్బరి మట్టలు దారిలో రాలి ఉంటాయి. పాత మండువా ఇళ్లలో గది గదికీ ఎత్తు గడప, మండువాలోకి దిగే మెట్టు, వీధి అరుగు ఉంటాయి. మరుగుదొడ్డి చాలా ఇళ్లలో వెనకవైపు, ఇంటికి దూరంగా ఉంటుంది. రాత్రి రెండింటికి లేచినవారు మంచం దిగి, గడప దాటి, మెట్టు దిగి, తడి గచ్చు మీదుగా నడవాలి. అప్పుడు కరెంటు పోతే చెప్పక్కర్లేదు.

కొత్త ఇళ్లు మరింత భద్రమైనవని అనుకోవడానికి లేదు. గల్ఫ్ నుంచో హైదరాబాద్ నుంచో డబ్బు పంపి పిల్లలు కట్టించిన మేడల్లో గడపల ఎత్తు తగ్గింది కానీ, నున్నటి టైల్స్ వచ్చాయి. బాత్రూంలోనూ అవే నున్నటి పలకలు. తలకు రాసుకున్న కొబ్బరినూనె, సబ్బు నీళ్లు కలిసి ఆ పలక మీద పడితే కుర్రవాళ్లకే కాలు నిలవదు. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి వేసే పాత గోనె సంచి గరుకు గచ్చు మీద కదలదు, టైల్ మీద మాత్రం మనిషితో సహా జారుతుంది. ఇల్లు కట్టే రోజునే తల్లిదండ్రుల కాలి గురించి మేస్త్రితో ఒక్క మాట అంటే అదనంగా పెద్ద ఖర్చేమీ కాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనిషి నిలబడి ఉండటానికి మూడు సమాచారాలు మెదడుకు అందాలి: కంటి చూపు, లోపలి చెవి చెప్పే తూకం, పాదాలూ కీళ్లూ తెలిపే స్పర్శ. వాటిని అందుకుని మెదడిచ్చే ఆజ్ఞను కాలి కండరాలు తక్షణం అమలు చేయాలి. శుక్లం ముదిరితే మెట్టు అంచు కనపడదు. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతింటే నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు. వయసుతో కండ తగ్గడాన్ని సార్కోపీనియా అంటారు. ముందుగా తగ్గేది వేగంగా స్పందించే కండర తంతువులే. అందుకే కాలు తట్టుకున్నాక కుర్రవాడు నిలదొక్కుకుంటాడు, పెద్దాయన పడిపోతాడు.

పడితే ఎముక విరగడానికి మరో కారణం ఎముకలు గుల్లబారడం, అంటే ఆస్టియోపోరోసిస్. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆస్టియోపోరోసిస్, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య అయితే ఆస్టియోపీనియా. నెలసరి ఆగిన స్త్రీలలో ఆస్టియోపోరోసిస్ ఎక్కువ.

మందుల వాటా

పరీక్షలో తరచూ అడగదగినది, ఇంట్లో తరచూ మరిచిపోయేది ఇదే. నిద్రమాత్రలు, కుంగుబాటుకు వాడే మందులు, కొన్ని బీపీ మందులు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు తూలుడు తెప్పిస్తాయి. పడుకుని లేచిన మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20 లేదా కింది రక్తపోటు 10 పాయింట్లు పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. కూర్చున్నప్పుడు ఒక్కసారి బీపీ చూసి పంపిస్తే ఇది బయటపడదు. మందు సొంతంగా మానేయకూడదు. వాడే మాత్రలన్నీ, ఆయుర్వేద మందులతో సహా, ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టాలి. మూత్రం మాత్ర సాయంత్రం వేసుకుంటున్నారా, పొద్దున వేసుకోవచ్చా అని అడగాలి.

కూర్చోబెట్టడం అనే పొరపాటు

ఒకసారి పడ్డాక ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. ‘నువ్వు కదలకు అమ్మా, నీకేం కావాలన్నా మేం తెచ్చిస్తాం’ అంటారు. ప్రేమతోనే అంటారు. పువ్వులు కోయడం, ముగ్గు వేయడం, సందు చివరి గుడిదాకా వెళ్లి రావడం ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆమె మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి మాత్రమే నడుస్తుంది. కొన్ని వారాల్లోనే తొడ కండరాలు మెత్తబడతాయి. ఈసారి బాత్రూం దాకా వెళ్లడానికే కాళ్లు వణుకుతాయి. రెండోసారి పడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు ‘చూశారా, వయసైపోయింది’ అంటారు.

వైద్యంలో దీన్ని పోస్ట్ ఫాల్ సిండ్రోమ్ అంటారు. పడ్డ దెబ్బకంటే పడతానన్న భయం ఎక్కువ నష్టం చేయవచ్చు. పెద్దలు పడ్డ సంగతి దాచడానికీ ఇదే కారణం. చెబితే బయటికి పంపరు, వంటింట్లోకి రానివ్వరు, హైదరాబాద్ వచ్చేయమంటారు. ‘ఏం లేదులే, కాస్త తూలానంతే’ అన్న మాట వెనక ఆ భయం ఉంటుంది. కాబట్టి విన్నవారు కోప్పడకూడదు. కోప్పడితే మరోసారి చెప్పరు.

పడ్డవారికి కావలసింది కాలికి బలం. 2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష వ్యాయామం వల్ల పడటం సుమారు 23 శాతం తగ్గుతుందని తేల్చింది. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు తూకం, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాలువ గట్టున నడక మంచిదే కానీ అదొక్కటే చాలదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, గోడ దగ్గర ఒంటికాలిపై కొద్ది సెకన్లు నిలబడటం, ఒక పాదం ముందు మరొకటి పెట్టి నడవడం చేయాలి. మొదట్లో పక్కన ఒకరు ఉండాలి.

ముందే గుర్తించడం

2022లో వచ్చిన ప్రపంచ మార్గదర్శకాలు మూడు ప్రశ్నలు సూచించాయి. ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టుందా? పడతానని భయమేస్తోందా? ఏ ఒక్కదానికి అవునన్నా తదుపరి పరీక్ష చేయాలి.

ఆ పరీక్షకు ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. దీని పేరు టైమ్‌డ్ అప్ అండ్ గో. 1991లో పొడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ ప్రచురించారు. అమెరికా సీడీసీ ప్రమాణంలో 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే ముప్పు ఉన్నట్టు. చేతికర్ర వాడేవారు దానితోనే నడవవచ్చు.

ఇంట్లో మార్పులు

2023 కోక్రేన్ సమీక్ష ప్రకారం ఇంట్లోని ప్రమాదాలు తొలగిస్తే పడటం 26 శాతం తగ్గుతుంది. ఇప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్నవారి ఇళ్లలో 38 శాతం తగ్గింది. ముప్పు లేనివారికి పెద్ద తేడా కనపడలేదు. అంటే ముందుగా ఒకసారి పడ్డవారి ఇంటికి వెళ్లాలి.

అన్నిటికంటే ముందు బాత్రూం గోడకు, కమోడ్ పక్కన గట్టి స్టీలు రాడ్డు బిగించాలి. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా జీరో బల్బు, మంచం పక్కనే టార్చి ఉండాలి. గోనె పట్టాలు తీసేయాలి. పెరటి పాచిని బ్లీచింగ్ పౌడర్‌తో తోమించాలి. గడప అంచుకు రంగు వేస్తే మసక వెలుతురులోనూ కనపడుతుంది. అరిగిపోయిన హవాయి చెప్పులు మార్చాలి. పంచె, చీర కుచ్చిళ్లు నేలకు తగలకుండా కట్టుకోవాలి. రాత్రి లేవలేనివారికి మంచం పక్కన మూత్రపు సీసా పెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

పడ్డాక

వెంటనే రెక్క పట్టి లేపకూడదు. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించి కదపకుండా 108కి ఫోన్ చేయాలి. నూనె రాసి మర్దన చేయడం, కట్లు కట్టేవారి దగ్గరకు తిప్పడం వద్దు. తుంటి విరిగితే చాలామందికి శస్త్రచికిత్స కావాలి, అదీ వీలైనంత త్వరగా. రక్తం పలుచన చేసే మందులు వాడేవారికి తలకు తగిలితే, పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గంటకు పైగా నేలమీదే ఉండిపోతే నీరసం, పుండ్లు రావచ్చు, కండరాలు దెబ్బతిని కిడ్నీలకు హాని జరగవచ్చు. ఒంటరిగా ఉండేవారు ఫోను మెడలో వేలాడదీసుకోవడం అందుకే మంచిది.

చట్టాలు, పథకాలు

రాజ్యాంగంలోని 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం గురించి చెబుతుంది. వృద్ధుల జాతీయ విధానం 1999లో వచ్చింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం 60 నిండినవారు వయోవృద్ధులు. ప్రభుత్వాసుపత్రుల్లో వారికి వేరే క్యూ, వీలైనంత మేర పడకలు ఉండాలని 20వ సెక్షన్ చెబుతోంది.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైంది. పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు అందులోని ఏర్పాట్లు. రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులో ప్రారంభమైంది. పేద వృద్ధులకు చేతికర్రలు, నాలుగు కాళ్ల కర్రలు, వాకర్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. అలింకో సంస్థ దీన్ని అమలు చేస్తుంది. 70 నిండినవారందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న వచ్చింది. వృద్ధుల సహాయ నంబరు ఎల్డర్‌లైన్ 14567. ఐక్యరాజ్యసమితి 2021-2030ని ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దిగా ప్రకటించింది. అంతర్జాతీయ వృద్ధుల దినం అక్టోబరు 1.

ఇన్ని పథకాల్లో ఎక్కువ భాగం పడ్డాక చేసే ఖర్చుకే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో సచివాలయ సిబ్బంది నెలనెలా ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటి గుమ్మంలోకే తీసుకెళ్తున్నారు. ఆ గుమ్మంలోనే పై మూడు ప్రశ్నలు అడిగే ఏర్పాటు ఉంటే అదనపు మనిషి, అదనపు బండి అక్కర్లేదు. ‘ముందుకు దారి’ అని రాసే చోట ఈ సూచన రాయండి.

పరీక్షలో, ఇంట్లో

‘వృద్ధులు పడటం వ్యక్తిగత ప్రమాదమా, ప్రజారోగ్య సమస్యా? చర్చించండి’ అని మెయిన్స్‌లో వస్తే, కారణాలను మూడు వైపుల నుంచి రాయాలి: ఒంట్లోవి, ఇంట్లోవి, మందులవి. తర్వాత గుర్తింపు పరీక్ష, వ్యాయామం, ఇంటి మార్పులు, చివర పథకాలు. ఒంటరి వృద్ధుల సంగతి విడిగా ప్రస్తావించాలి. కోనసీమలాంటి వలస ప్రాంతాన్ని ఉదాహరణగా చూపితే జవాబుకు బలం వస్తుంది.

దూరాన ఉన్న పిల్లలు సంక్రాంతికి ఊరొస్తారు. కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి వెళ్తారు. ఆ నాలుగు రోజుల్లో ఒక పూట మేస్త్రిని పిలిచి బాత్రూంలో రాడ్డు బిగించి వెళ్లండి.