గోడ మీది పుట్టగొడుగు: కోవిల్‌పట్టి, విరుదునగర్ వీధుల్లో బొమ్మల వేటకు చిట్కాలు

లండన్ నగరం తూర్పు వైపున మేడల అంచుల మీద రంగురంగుల పెద్ద పుట్టగొడుగులు నిలబడి ఉంటాయి. క్రిస్టియాన్ నాగెల్ అనే కళాకారుడు చేసి పెట్టినవి. వాటిని వెతుక్కుంటూ వీధులు తిరగడం అక్కడ కొందరికి సెలవునాటి సరదా. ఆ సరదా తీర్చుకోవడానికి మనం విమానం ఎక్కనక్కర్లేదు. మదురై నుంచి తిరునెల్వేలి వెళ్ళే రైలుదారిలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా తగులుతాయి. గోడకి, బండికి, అగ్గిపెట్టెకి బొమ్మ వెయ్యనిదే తోచని ఊళ్ళు ఇవి. సెలవులకి చుట్టాలింటికొచ్చి, సాయంత్రమయ్యేసరికి పిల్లలు పేచీ మొదలుపెట్టే ఇళ్ళవారికి ఈ చిట్కాలు.

1. ముందు ఏ పుట్టగొడుగు కోసం వెతుకుతున్నారో తేల్చుకోండి. గోడల మీద ఎక్కువగా కనిపించేది ఎర్రటి గొడుగు మీద తెల్ల చుక్కలున్న రకం. అది యూరప్‌లో బర్చ్, పైన్ చెట్ల కింద మొలిచేది, విషపుది. మన మైదానాల ఎండకి అది మొలవదు. పిల్లల కథల పుస్తకాల మీదుగా, 1985లో వచ్చిన సూపర్ మారియో ఆట మీదుగా ప్రపంచమంతా తిరిగి మన బాలవాడి గోడ దాకా వచ్చింది. బొమ్మ వేసినాయన దాన్ని ఎన్నడూ చూసి ఉండడు, చూడాల్సిన పనీ లేదు.

అసలు వెతకాల్సింది రెండోది: తెల్లగా, లావుపాటి కాడతో ఉండే పాల పుట్టగొడుగు. విరుదునగర్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అరుప్పుక్కోట్టై ఉంది. అక్కడ తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది. ఇవాళ దక్షిణాదిలో రైతులు పెంచే పాల పుట్టగొడుగు రకం ఏపీకే 2 అక్కడినుంచే 1998లో విడుదలైంది. ఆ మూడక్షరాలు అరుప్పుక్కోట్టై ఊరి పేరులోంచి తీసినవే. బటన్ పుట్టగొడుగుకి చల్లటి గది కావాలి. దీనికి మన 30, 35 డిగ్రీల వేడి హాయిగా సరిపోతుంది, కోసిన తర్వాత కూడా గబుక్కున నల్లబడదు. ఇంతటి సొంత సరుకు పక్క ఊళ్ళో పెట్టుకుని గోడల మీద పరాయి దేశపు విషపు పుట్టగొడుగుని ముద్దు చేస్తున్నాం. నాకు ఇది ఏమాత్రం నచ్చదు.

పిల్లలకి లెక్క ఇలా పెట్టండి: ఎర్రది కనిపిస్తే ఒక మార్కు, బటన్ రకానికి రెండు, తెల్ల పాల పుట్టగొడుగుకి పది. పది మార్కులు కొట్టినవాళ్ళకి కోవిల్‌పట్టి కడలై మిఠాయి. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కిన వేరుశనగ అచ్చు అది, బహుమతిగా ఏ లోటూ లేదు.

2. గోడ మధ్యలో కాదు, అడుగు మూలల్లో చూడండి. బాలవాడులు, అంగన్‌వాడీలు, ప్రాథమిక పాఠశాలల ప్రహరీల మీద నడుమ భాగం ఛోటా భీమ్‌కో, అక్షరాలకో, దేశనాయకులకో పోతుంది. పుట్టగొడుగు, గడ్డి, బాతు, తామర లాంటివి నేలకి జానెడు ఎత్తులో ఉంటాయి. దీనికి కారణం కళ ఒక్కటే కాదు. గోడ అడుగున చెమ్మ ఎక్కి సున్నం పొక్కుతుంది. ఆ మచ్చని కప్పడానికి గడ్డి గుబురు, రెండు పుట్టగొడుగులు చక్కగా పనికొస్తాయి. కూరగాయల పేర్లు నేర్పే బొమ్మల వరస ఉంటే అక్కడా ఒకసారి చూడండి. వంకాయ, ముల్లంగి సరసన మన తెల్లది దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

3. సాయంత్రం కాళాన్ బండి దగ్గర ఆగండి. తమిళంలో కాళాన్ అంటే పుట్టగొడుగు. కోయంబత్తూరు వీధుల్లో పేరుపడ్డ ఈ తినుబండారం ఇప్పుడు రాష్ట్రంలో చాలా ఊళ్ళలో దొరుకుతుంది. క్యాబేజీ, పుట్టగొడుగు ముక్కలు పిండిలో కలిపి వేయించి, పెనం మీద మసాలాతో చిదిపి, పైన ఉల్లిపాయ, కొత్తిమీర జల్లి ఇస్తారు. పుట్టగొడుగు కంటే క్యాబేజీయే ఎక్కువ తగులుతుంది, కానీ బోర్డు మీద క్యాబేజీ బొమ్మ వేసిన బండి మాత్రం నాకు కనపడలేదు. బండి ముందు పలకే కాదు, పక్క రేకులూ చూడండి. బండి కొన్నప్పుడు వేయించిన చేతి బొమ్మ పక్కన మిగిలిపోయి ఉంటుంది, ముందు వైపుకి తర్వాత ఫ్లెక్సు తగిలిస్తారు. పెనం పొగకి బొమ్మలు నల్లబడతాయి కాబట్టి దీపాలు పెట్టకముందే వెళ్ళడం మంచిది.

4. చేతి బొమ్మకీ అచ్చు బొమ్మకీ తేడా పట్టండి. ఫ్లెక్సులోని పుట్టగొడుగు మీద నీటి బొట్లు కూడా మెరుస్తుంటాయి. అదే బొమ్మ పది ఊళ్ళలో కనిపిస్తుంది, దానికి మార్కులు వెయ్యొద్దు. చేతి బొమ్మలో గొడుగు అంచు దగ్గర కుంచె తిరిగిన గీత తెలుస్తుంది. నీడ ఒక పక్కనే ఉంటుంది. కింద మూలన చిత్రకారుడి పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అన్న మాట, ఒక్కోసారి ఫోన్ నంబరు ఉంటాయి. ఆ సంతకం కూడా ఫోటో తీసి ఉంచుకోండి.

5. కాలం చూసుకుని బయల్దేరండి. సంక్రాంతికి ఇక్కడ ఇళ్ళకి, అంగళ్ళకి సున్నాలు, రంగులు వేస్తారు. జనవరి చివర బొమ్మలు తాజాగా ఉంటాయి. బళ్ళ గోడలకైతే వేసవి సెలవుల్లో పని జరుగుతుంది, జూన్‌లో చూడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. బొమ్మ పుట్టగొడుగులు వెలిసిపోతూ, నల్లరేగడి గట్ల మీద అసలువి లేచే రోజులవి. మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లవారుజామున వాకిళ్ళలో రంగుల ముగ్గులుంటాయి. పిల్లల చేతి ముగ్గుల్లో పుట్టగొడుగు ఇల్లు కూడా తగలొచ్చు. ఏడు గంటలు దాటితే పాలవాడి సైకిలు దాని మీదుగా పోతుంది.

ఎన్నికల ముందు వెళ్ళేవారికి ఒక మాట. పార్టీలవాళ్ళు గోడలు పట్టుకుని, పేరూ సంవత్సరమూ రాసి అట్టే పెట్టుకుంటారు. నియమావళి రాగానే అవన్నీ సున్నం కిందికి పోతాయి. బహిరంగ స్థలాల గోడలు పాడుచేయకూడదని తమిళనాడులో 1959 నాటి చట్టమే ఉంది. కాబట్టి నచ్చిన బొమ్మ కనిపిస్తే ఆరోజే ఫోటో తీసుకోండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు.

6. కోవిల్‌పట్టిలో గోడలతో ఆగిపోకుండా పాత దుకాణాల్లోని క్యాలెండర్ పటాలు చూడండి. ఈ ఊరి బొమ్మల కథలో పెద్దపేరు సి. కొండయ్య రాజు. 1898లో మద్రాసు మైలాపూరులో పుట్టి, మద్రాసు కళాశాలలో చిత్రలేఖనం నేర్చుకుని, కొన్నాళ్ళు రమణ మహర్షి ఆశ్రమంలో గడిపి, నాటక సంస్థలకి తెరలు వేస్తూ తిరిగి, 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. అక్కడ పెట్టిన దేవి ఆర్ట్ స్టూడియోలో ఎందరో శిష్యులు తయారయ్యారు. 1976లో ఆయన కన్నుమూశారు. గజలక్ష్మి, మురుగన్, మీనాక్షీ కల్యాణం... దక్షిణాదిలో పూజగది ఉన్న ఇళ్ళలో ఆయన బొమ్మో, ఆయన శిష్యుల బొమ్మో కనిపించని ఇల్లు అరుదు. మన ఇళ్ళలో కూడా ఉంటుంది, కింది మూలన సంతకం చదవమంతే. శివకాశిలో అచ్చయి వచ్చిన ఆ క్యాలెండర్లే ఆంధ్ర దేశపు కిరాణా కొట్లకీ చేరాయి.

ఆ దేవతల పటాల్లో పుట్టగొడుగులు దొరకవు. అయినా దేవత పాదాల దగ్గరి కొలను, తామరాకు, గడ్డి పోచ, రాయి ఎలా వేశారో చూస్తే, ఇవాళ్టి బడిగోడ మీద అడుగు భాగాన్ని చిత్రకారుడు ఎలా నింపుతున్నాడో అర్థమవుతుంది. పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఇదే: వీధి బొమ్మ ఊరికే రాలేదు, దానికో గురుపరంపర ఉంది.

7. అగ్గిపెట్టెలు వదలొద్దు. అందరికంటే చిన్న వీధి చిత్రశాల అదే. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. ఆ పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టిలకి పాకింది. పెట్టెలకి లేబుళ్ళు కావాలి గనకే శివకాశిలో అచ్చుయంత్రాలు పెరిగాయి. 2021 డిసెంబరు నుంచి పెట్టె ధర రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలకి పులి, పడవ, పువ్వు, పండు ఏదో ఒక బొమ్మ వస్తుంది. ఊరూరా చిల్లర కొట్టులో ఒక్కో రకం కొనండి, ఒకే కంపెనీవి కొనొద్దు. పుట్టగొడుగు లేబుల్ దొరికితే పది కాదు, ఇరవై మార్కులు. పుల్లలు మాత్రం పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి.

8. తల పైకెత్తి కూడా చూడండి. ఒంటి స్తంభం మీద నిలిచే మంచినీళ్ళ ట్యాంకులు, పార్కుల్లో సిమెంటు గొడుగులు దూరం నుంచి పుట్టగొడుగుల్లాగే ఉంటాయి. రంగు వేసినవాళ్ళకి ఆ ఊహ తట్టిందా లేదా అన్నది చూడటమే ఆట.

9. అడగండి. తమిళం రాదని మొహమాటపడొద్దు. కోవిల్‌పట్టి, సాత్తూరు, రాజపాళయం చుట్టూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కరిసల్ (నల్లరేగడి) నేల కథలు చెప్పిన రచయిత కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్. ఇంటి భాష తెలుగే, రాసింది తమిళం. తెలుగువాళ్ళు అక్కడికి వలసపోయిన కథ ఆయన నవలల్లో ఉంది. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన్ని ‘అయ్యా, ఈ బొమ్మ ఎవరు వేశారు?’ అని మీ తెలుగులోనే అడిగి చూడండి. జవాబు కొంచెం వేరే యాసలో తెలుగులోనే రావచ్చు. ఇంటి గోడైతే ఇంటావిడని అడిగాకే ఫోటో. బడి గోడని పిల్లలు లేని వేళ తియ్యండి.

10. ఫోటోకి ఉదయం ఎండ ఏటవాలుగా పడేవేళ మంచిది, మధ్యాహ్నం రంగులు తెల్లబోతాయి. ఒకటి దగ్గరగా, ఒకటి వీధి మొత్తం కనపడేలా తియ్యండి. వీధి కనపడకపోతే వచ్చే ఏడు ఆ గోడ ఎక్కడుందో మీకే గుర్తుండదు.

11. ఇంటికొచ్చాక లేబుళ్ళ పని. పాతకాలపు చెక్కపేడు అగ్గిపెట్టె దొరికితే ఖాళీ చేసి గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నాననివ్వండి. లేబుల్ దానంతటది వదులుతుంది, గోటితో లాగొద్దు. ఇప్పటి అట్టపెట్టెల మీద బొమ్మ నేరుగా అట్ట మీదే అచ్చేస్తారు కాబట్టి నానబెడితే పాడవుతుంది, కత్తెరతో కత్తిరించుకోవడమే. తడి లేబుల్‌ని వార్తాపత్రికలో ఆరబెట్టకండి, సిరా అంటుకుంటుంది. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన నిఘంటువు లాంటి బరువు ఉంచండి. ఆల్బంలో మైదాపిండి జిగురుతో అంటించొద్దు, ఆ పిండి కోసమే వెండిచేపలు వస్తాయి. నాలుగు మూలలా కాగితపు జేబులు పెట్టి అందులో దూర్చండి. బీరువాలో ఎండు వేపాకు చాలు. నాఫ్తలీన్ ఉండలు వాడితే పిల్లలకి అందని చోట పెట్టాలి.

పటం కట్టిన పాత క్యాలెండర్ అయితే అద్దం మీద నీళ్ళు చిలకరించొద్దు. తడి అంచుల్లోంచి లోపలికి దిగి బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది. గుడ్డని తడిపి గట్టిగా పిండి తుడవండి. పటాన్ని చెమ్మ గోడకి ఆనించకుండా వెనక రెండు చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

12. వేటలో అసలు పుట్టగొడుగు కనిపిస్తే చూసి వదిలెయ్యండి. పసుపుతో ఉడికిస్తే రంగు మారుతుందని, వెండి చెంచా నల్లబడుతుందని, పురుగు తిన్నది మంచిదని ఇళ్ళలో చెప్పుకునే పరీక్షలేవీ నమ్మదగినవి కావు. ప్రాణం తీసే రకాలు ఈ పరీక్షలన్నీ దాటేస్తాయి. వండితే విషం పోతుందన్నదీ తప్పే. తినాలనుంటే పెంచిన పాల పుట్టగొడుగు కొనుక్కోండి. పిల్లలకి ఈ ఒక్క సంగతి గోడ దగ్గరే చెప్పాలి, ఎందుకంటే బొమ్మలో ముద్దుగా కనిపించే ఎర్రది నిజానికి విషపుది.

13. మీ ప్రహరీకే బొమ్మ వేయించాలనుకుంటే ముందు చెమ్మ సంగతి చూడండి. పొక్కిన సున్నం గీకి, గోడ పూర్తిగా ఆరాక ప్రైమరు, ఆ పైన బయటి గోడల ఎమల్షన్. తడి గోడ మీద ఎంత మంచి చెయ్యి వేసినా ఒక వాన చాలు రాలిపోవడానికి. ఫ్లెక్సు వచ్చాక పని తగ్గిపోయిన బోర్డు చిత్రకారులు ప్రతి ఊళ్ళో ఉన్నారు, వాళ్ళనే పిలవండి, కింద సంతకం చెయ్యమనండి. ముఖ్యంగా విరుదునగర్, అరుప్పుక్కోట్టై, కోవిల్‌పట్టిల్లో బాలవాడి నడిపే అమ్మలకి, అయ్యలకి నా విన్నపం ఒకటే: ఈసారి రంగులు వేయించేటప్పుడు ఎర్రదాని పక్కన ఒక్క తెల్ల పాల పుట్టగొడుగు వేయించి, కింద అరుప్పుక్కోట్టై, 1998 అని రాయించండి.