హాస్టల్ పిల్లలకు ఫ్లూ టీకా

మన సొసైటీ దాతలను మేము ఫీజులకు, పుస్తకాలకు అడుగుతుంటాం. ఈసారి ఒక సూది మందు గురించి రాస్తున్నాం.

"జలుబే కదా" అంటారు. ఫ్లూ జలుబు కాదు. ఒళ్ళు విరిచే జ్వరంతో వారం రోజులు మంచం పట్టిస్తుంది. 1918లో మన దేశంలో కోటి మందికి పైగా దీని వల్ల చనిపోయారు. వారిలో 20 నుంచి 40 ఏళ్ల వారే ఎక్కువ. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడికి అది సోకింది.

అనంతగిరిలో అనురాగ్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. కోదాడ, మిర్యాలగూడల్లోనూ కాలేజీలున్నాయి. ఎక్కడైనా హాస్టల్ అంటే ఒకే గదిలో ముగ్గురు నలుగురు, ఒకే మెస్. జ్వరం బయటపడటానికి ఒక రోజు ముందే ఫ్లూ పక్కవారికి అంటుకోగలదు. ఆదివారం ఇంటికొచ్చిన పిల్లవాడు షుగర్, ఆయాసం ఉన్న దాదీకి దాన్ని అంటిస్తాడు. మా భయం అసలు ఆమె గురించే. ఇక పిల్లవాడికి హాజరు 75 శాతం లోపు పడితే మనం కట్టిన ఫీజు ఏమవుతుంది?

వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి టీకా ఏటా వేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి వరకూ ఫ్లూ ఎక్కువ. అందుకే కాలేజీ తెరిచిన వారంలోనే వేయాలి. ఆలస్యంగా చేరిన ఫస్టియర్ పిల్లలకు చేరినప్పుడే వేసినా చలికాలానికి పనికొస్తుంది.

సూది మందులో ఉండేది చచ్చిన వైరస్. దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. టీకా వేసుకున్నా కొందరికి ఫ్లూ రావచ్చు, కానీ ఆసుపత్రి దాకా వెళ్లే ముప్పు తగ్గుతుంది. లోగడ ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

హలాల్ సంగతి తప్పక అడుగుతారు. ముక్కులో చల్లే మందు కొన్నిట్లో పంది జెలటిన్ ఉంటుంది. చేతికి వేసే సూది మందుల్లో సాధారణంగా ఉండదు. అయినా డబ్బాలోని కాగితం చదివే కొందాం. హజ్‌కు వెళ్లే పెద్ద వయసు హాజీలకు ఫ్లూ టీకా వేయడం మనవాళ్లకు తెలిసినదే.

ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఇది లేదు, కొనుక్కోవాలి. జకాత్ సొమ్ము వాడవచ్చా అన్నది ఆలిములను అడిగే తేలుద్దాం. అంతవరకు సదఖా నుంచే ఖర్చు పెడదాం. మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. కాబట్టి డబ్బుతో పాటు, కోదాడ నుంచి ఐస్ బాక్సులో మందు తేవడానికి కారు ఇచ్చే దాత కూడా మాకు కావాలి.