గేరు సైకిలు – దాని యంగములు, సంరక్షణము



పూర్వము మన పాఠశాల సైకిలు షెడ్డులో నల్లని పెద్ద సైకిళ్లే వరుసగా నిలిచియుండెడివి. నేడు వానిలో సగమునకు పైగా లావు టైర్లును, ముందు స్ప్రింగు ఫోర్కును, డిస్కు బ్రేకులును గల రంగురంగుల సైకిళ్లే. కొండత్రోవలకై చేయబడిన వీనిని ఆంగ్లమున మౌంటెన్ బైకులందురు. మన పిల్లలు గేరు సైకిళ్లనియే పిలుచుచున్నారు. తలిదండ్రులు వీనికై వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నారు గాని, పాత సైకిలును చూచుకొనిన రీతిగా దీనిని చూచుకొనిన చాలదని పలువురెఱుగరు. అందుచేత ఈ సంచికకు ఈ విషయమునే యెన్నుకొంటిని. ఇందు కొంత యంత్రశాస్త్రమును, కొంత లెక్కయు గలదు. ఎనిమిదవ తరగతి చదువువారికి అది కష్టము కానేరదు.

ముందుగా దీని పుట్టుక. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా మారిన్ అను ప్రాంతము కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అచ్చటి యువకులు కొందరు, ఎప్పుడో మూలబడిన బరువైన పాత సైకిళ్లను బాగుచేసి, కొండపైకి చేర్చి, మట్టిత్రోవల వెంట క్రిందికి పరుగెత్తించెడివారు. 1976లో ఫేర్‌ఫాక్స్ అను ఊరి సమీపమున ఇట్టి పందెము మొదలయ్యెను. ఆ త్రోవ సుమారు రెండు మైళ్ల దూరములో 1300 అడుగులు దిగును. ఆ సైకిళ్ల బ్రేకు వెనుక చక్రపు హబ్బులోపల నుండెడిది; పెడళ్లను వెనుకకు త్రొక్కిన నది పట్టును. ఒక్కసారి కొండ దిగునప్పటికి హబ్బులోని గ్రీజంతయు కాగి పొగయై పోయెడిది. మరల దిగవలెనన్న హబ్బును విప్పి క్రొత్త గ్రీజు నింపవలసి వచ్చెను. ఆ మరల నింపుటనుబట్టియే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు నిలిచెను. 1977లో జో బ్రీజ్ అను నతడు ఈ పనికే ప్రత్యేకముగా చట్రమును నిర్మించెను. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ అను మిత్రులు, టామ్ రిచీ చేసిన చట్రములతో సైకిళ్లు కూర్చి అమ్మసాగిరి. 1996 నాటి అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించెను. మూలబడిన సైకిళ్లతో మొదలైన ఆట యిరువది సంవత్సరములలో అంతదూరము పోయినది.

ఆ గ్రీజు ఏల పొగయయ్యెనో లెక్కవేసి చూతము. సైకిలును, దానిపైనున్న బాలుడును కలిసి 60 కిలోగ్రాములు తూగుదురనుకొనుడు. హార్సిలీ కొండ వంటి ఘాటు రోడ్డున 500 మీటర్ల ఎత్తు దిగిరనుకొనుడు. స్థితిశక్తి ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణమును, ఎత్తును హెచ్చింపగా వచ్చునని మీరు చదివియున్నారు గదా. 60ని 9.8 చేతను, 500 చేతను హెచ్చింపగా 2,94,000 జౌళ్లు వచ్చును. ఇది ఒక లీటరు నీటిని 30 డిగ్రీల వేడిమినుండి మరుగుదశకు తెచ్చుటకు సరిపోవు శక్తి. గాలి యడ్డును, టైర్ల రాపిడియు అందు కొంత భాగమును హరించును. మిగిలినదంతయు చేతివ్రేలంత మందమైనను లేని బ్రేకు ప్యాడ్లలోను, పలుచని ఉక్కు పళ్లెములోను వేడిమిగా మారవలసినదే. కావున కొండ దిగిన వెంటనే డిస్కును చేతితో తాకరాదు, చర్మము కాలును. దిగునంతసేపు బ్రేకును కొంచెము కొంచెముగా పట్టియే యుంచుట మంచి పద్ధతి కాదు. మలుపునకు ముందు గట్టిగా పట్టి వేగము తగ్గించి, పిమ్మట వదలినచో, ప్యాడ్లకు చల్లారుటకు వ్యవధి దొరకును.

డిస్కు బ్రేకునకు పరమశత్రువు నూనె. కొంతకాలము క్రిందట తొమ్మిదవ తరగతి బాలుడొకడు, వెనుక బ్రేకు కీచుమనుచున్నదని, ఇంటిలో కుట్టుమిషనుకు వేయు నూనెను రెండు డిస్కులకును నాలుగేసి చుక్కలు వేసెను. కీచుశబ్దము నిజముగనే ఆగెను. మరునాటి ఉదయము చెరువుకట్ట దిగుచు బ్రేకు పట్టగా సైకిలు నిలువలేదు. కట్ట క్రింది ముళ్లకంచె వానిని ఆపెను. కుడిచేయి విరిగి రెండు నెలలు వ్రాత మానవలసి వచ్చెను. పాత సైకిలు రిమ్ముకు నూనె పూయకూడదని యెఱిగిన తండ్రులకు సైతము, ఈ పళ్లెమే ఆ రిమ్ము చేయు పని చేయుచున్నదని తోచకపోవుట వింత కాదు. నూనె తగిలినచో పళ్లెమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పరిశుభ్రమైన గుడ్డను తడిపి తుడువవలయును. నూనె పీల్చిన ప్యాడ్లు బాగుపడుట అరుదు. వానిని మార్చుటయే మేలు. క్రొత్త ప్యాడ్లు వేసిన దినమున చదునైన చోట ఒక మాదిరి వేగముతో పోవుచు, ఇరువదిసార్లు క్రమముగా వేగము తగ్గించిన పిమ్మటగాని అవి పూర్ణబలముతో పట్టవు.

డిస్కు బ్రేకులు రెండు విధములు. తీగతో లాగబడునవి కొన్ని, గొట్టములో నూనె యొత్తిడిచే పనిచేయునవి కొన్ని. తీగ సాగును, త్రుప్పు పట్టును గాని మన ఊరి మెకానిక్కు మార్చగలడు. నూనె బ్రేకు వ్రేలి బలముతోనే పట్టును. దానిని విప్పుట తెలిసినవారు కావలయును. వానిలో కొన్నిటికి ఖనిజ తైలమును, కొన్నిటికి మోటారు వాహనములలో పోయు డాట్ ద్రవమును పోయుదురు. ఒకదానికి బదులు మరియొకటి పోసినచో లోపలి రబ్బరు సీళ్లు చెడును. ప్యాడుపైనున్న రాపిడి పదార్థము ఒక మిల్లీమీటరుకన్న పలుచనైనచో మార్చవలయును. టార్చిలైటుతో లోనికి చూచిన చాలును. చక్రము తీసియున్నప్పుడు బ్రేకు నొక్కరాదు.

ముందు బ్రేకును గురించి ఒకమాట. మన బాలురు అది పట్టిన తలక్రిందులగుదుమని భయపడి వెనుక బ్రేకునే వాడుదురు. కొందరు ముందుదానిని ఊడదీయించుకొనుటయు కలదు. వేగము తగ్గునప్పుడు బరువు ముందు చక్రముపైకి ఒరగును. వెనుక చక్రము తేలికయై జారును. కావున నిలుపు శక్తిలో అధికభాగము ముందు చక్రముననే యున్నది. శరీరమును కొంచెము వెనుకకు జరిపి, రెండు బ్రేకులను కలిపి, ముందుదానిని మెల్లమెల్లగా బిగించుట అభ్యసింపవలయును. కుడిచేతిది ముందు బ్రేకో, వెనుకదో, ప్రతి సైకిలునను ఒకే తీరుగ నుండదు. ఇతరుల సైకిలెక్కునప్పుడు మొదట దీనినే చూచుకొనుడు.

టైర్లలో గాలి యెంత యుండవలయును? పంక్చరు దుకాణమువాడు రాయివలె గట్టిపడువరకు కొట్టి పంపును. తారురోడ్డుకు అది చెల్లును. రాళ్లబాటలో అట్టి టైరు ప్రతి రాతిపైనను ఎగిరిపడును; పట్టు దొరకదు. టైరు ప్రక్కను అచ్చువేయబడిన హద్దులను చదివి, ట్యూబు గల లావు టైరైనచో చదరపు అంగుళమునకు 30 మొదలు 40 పౌనుల వఱకు, వెనుకదానికంటె ముందుదానికి ఒకటి రెండు తక్కువగా, శరీరపు బరువునుబట్టి నిర్ణయించుకొనవలయును. మరీ తగ్గించినచో రాయి తగిలినపుడు ట్యూబు రిమ్ముకును రాతికిని మధ్య నలిగి, పాము కాటువలె రెండు రంధ్రములు పడును. అట్టి రెండు రంధ్రములు కనబడినచో తప్పు ముల్లుది కాదు, గాలిది. ఒకే రంధ్రమైనచో ముల్లే. మన పొలము గట్లపై పల్లేరుకాయలును, సర్కారు తుమ్మముళ్లును పుష్కలము. ట్యూబుకు అతుకు వేయుటకు ముందు, టైరు లోపలి భాగమున గుడ్డను త్రిప్పి చూడుడు. ముల్లున్నచోట గుడ్డ చిక్కుకొనును. వ్రేళ్లతో తడవినచో ముల్లు వ్రేలిలో దిగును. ముల్లు తీయక అతుకు వేయించి, ఇంటికి చేరకమునుపే మరల గాలిపోయి దుకాణమువానిని నిందించువారు కొల్లలుగా గలరు.

ఇక గొలుసు. గొలుసులో ఒక పిన్ను నుండి మరియొక పిన్నుకు అర అంగుళము. కావున 24 పిన్నుల దూరము సరిగా 12 అంగుళములుండవలయును. ఉక్కు స్కేలును పెట్టి కొలిచినచో, క్రొత్త గొలుసు సరిపోవును. అరిగినది సాగినట్లు కనబడును. నిజమునకు ఉక్కు సాగలేదు, పిన్నుల చుట్టునున్న సందులు అరిగి పెద్దవైనవి. 12 అంగుళములపై పదునారవ వంతు పెరిగినచో గొలుసును మార్చుట మంచిది. ఎనిమిదవ వంతు వఱకు ఉపేక్షించినచో, అది పళ్లచక్రములను గూడ తనకు తగినట్లు అరగదీసియుండును. అప్పుడు రెండింటిని కొనవలసినదే. కొలుచుటకు ఒక నిమిషము పట్టును. ఇంటింట స్కేలున్నది. అయినను కొలిచినవారిని నేను బహు కొద్దిమందినే చూచితిని.

గొలుసును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క చుక్క చొప్పున గొలుసు నూనె వేసి, పెడలు త్రిప్పి, పైనున్నదంతయు తుడిచివేయవలయును. నూనె పనిచేయునది లోపల. పైన నిలిచినది దుమ్మును చేర్చుకొని ఆకురాతి పని చేయును. వంటనూనె బంకయగును. మోటారుసైకిలునుండి తీసిన నల్లనూనెలో లోహపు రజను కలిసియుండును. ఉచితముగా వచ్చినను వద్దు. అదేవిధముగ సైకిలును మోటారుసైకిళ్ల సర్వీసింగు దుకాణములో నీటి పిచికారి క్రింద పెట్టింపకుడు. ఆ వేగపు నీరు బేరింగులలోని గ్రీజును కడిగివేయును. బకెట్టు నీరు, సబ్బు, గుడ్డ చాలును.

గేర్ల సంఖ్యను చూచి మురియుట వలదు. 21 గేర్లని బిళ్లపై వ్రాసియున్నను, ముందు మూడు, వెనుక ఏడు పళ్లచక్రములను హెచ్చించి చెప్పిన లెక్క యది. అందు చాలవఱకు ఒకదానికొకటి సమానములే. ముందు 32 పళ్లు, వెనుక 16 పళ్లున్నచో, పెడలు ఒక చుట్టు తిరుగునప్పటికి చక్రము రెండు చుట్లు తిరుగును. 29 అంగుళముల చక్రపు చుట్టుకొలత ఇంచుమించు 2.3 మీటర్లు గనుక సైకిలు 4.6 మీటర్లు పోవును. వెనుక 32 పళ్లకు మార్చినచో 2.3 మీటర్లే పోవును గాని త్రొక్కుటకు సగము బలమే చాలును. ఎక్కుడు మొదలుకాక మునుపే మార్చవలయును. బలముగా త్రొక్కుచు మార్చినచో గొలుసు తెగును. సైకిలు కుడిప్రక్కకు పడినప్పుడు, వెనుక గేరు వ్రేలాడు చిన్న కమ్మి లోపలికి వంగినదేమో వెనుకనుండి చూడుడు. వంగియున్నచో అతి తక్కువ గేరులో అది చక్రపు పుల్లలలో చిక్కుకొని, సైకిలును ఉన్నచోటనే నిలిపివేయును.

బోల్టులపై న్యూటన్ మీటర్లని అంకెలు వ్రాసియుండును. 5 అని యున్నచో, 20 సెంటీమీటర్ల పిడిపై రెండున్నర కిలోల బరువుంచినంత బిగింపని యర్థము. దానికి రెండింతలు బిగించుట బలము చూపుటయే గాని భద్రత కాదు, మర తెగును. చక్రమును బిగించు మీటను, రెక్కల నట్టువలె త్రిప్పి విడిచివేయుట మిక్కిలి ప్రమాదకరము. దానిని ప్రక్కకు మడిచి మూయవలయును. మూయునప్పుడు అరచేతిలో దాని గుర్తు పడవలయును. ఎడమ పెడలు మర ఎదురుమర యని మరువకుడు. త్రొక్కుటలో అది తనంతట ఊడిపోకుండుటకే అట్లు చేయబడినది.

తలిదండ్రులకొక విన్నపము. ‘పిల్లవాడు పెరుగుచున్నాడు గదా’ యని చొక్కా కొన్నట్లు, రెండేండ్లకు సరిపోవు పెద్ద సైకిలును కొనవలదు. అడ్డుకమ్మికి ఇరుప్రక్కల కాళ్లు మోపి నిలిచినపుడు, కమ్మికిని శరీరమునకును మధ్య కనీసము రెండంగుళముల ఎడముండవలయును. సీటుపై కూర్చుండి, మడమను అడుగునున్న పెడలుపై నుంచినపుడు కాలు చాచియుండవలయును. సీటు కమ్మిపై గీసిన హద్దుగీతను చట్రమునకు పైకి కనబడనీయకూడదు. కొండ దిగునప్పుడు సీటును దించుకొనుట మేలు.

ధరించు వస్తువులలో శిరస్త్రాణమే మొదటిది. దానిలోని తెల్లని పదార్థము మనము పెట్టెలలో చూచు థర్మోకోలు జాతిదే. తల నేలను తాకినపుడు అది నలిగి, దెబ్బ వేగమును తాను భరించును. నలిగినది మరల ఉబ్బదు. కావున ఒక్కసారి గట్టిగా పడినచో, పైపెంకు చెక్కుచెదరకున్నను, దానిని మార్చవలయును. కనుబొమలకు రెండు వ్రేళ్లపైన సమముగా నుండవలయును. పట్టీలు చెవి క్రింద కలియవలయును. గడ్డము క్రింద రెండు వ్రేళ్లకు మించి సందుండరాదు. తల వెనుకకు జారవేసి ధరించువారికి నుదురు రక్షణలేక యుండును. పడినప్పుడు ముందుగా తగులు చోటులలో నుదురొకటి. చేతితొడుగులు తరువాతివి, ఏలయన పడునపుడు ఎవరైనను చేతులు చాతురు. కంటికి తెల్లని అద్దములు దుమ్మును పురుగులను ఆపును. చెప్పులతో పెడలు త్రొక్కుట మానుడు. గట్టి యడుగు గల బూట్లు చాలును. లంగావోణీ, పంచె, వదులు పైజామా గొలుసులో పడును. కుడికాలిని పట్టీతో బిగించుకొనవలయును.

దూరము పోవునపుడు సంచిలో ఒక ట్యూబు, రెండు టైరు మీటలు, చిన్న పంపు, అలెన్ తాళముల కట్ట, తాగునీరు ఉంచుకొనుడు. గొలుసు కొలుచుటయు, ట్యూబు మార్చుటయు నేర్వగోరువారు శనివారము మధ్యాహ్నము భోజనానంతరము సైకిలు షెడ్డువద్దకు తమ సైకిలుతో రావచ్చును. ఉక్కు స్కేలు నా యొద్ద నున్నది. పాతగుడ్డ మాత్రము ఎవరిది వారు తెచ్చుకొనవలయును.