డెకరేటివ్ ఫిల్ము దిగుమతి: శాంపిలు కంటె రెండవ సరుకు ముఖ్యం

విదేశీ శాంపిలు ఎప్పుడూ ముచ్చటగానే వుంటుంది. తలుపులకు, వంటింటి అలమరలకు అతికించే టేకు చారల పి.వి.సి. ఫిల్మును చైనా, కొరియా, జర్మనీల నుండి తెప్పించదలచిన వర్తకుడు తేల్చుకోవలసినది శాంపిలు బాగున్నదా అని కాదు. ఆరు నెలల తర్వాత రెండవ సరుకు అదే రంగులో, అదే మందంలో వస్తుందా అని. సగం తలుపులు పూర్తయ్యాక వచ్చిన రోలు రంగు తేడాగా వుంటే ఫర్నిచరు షాపువారు సరుకు వాపసు పంపుతారు. దాన్ని విదేశీ పార్టీకి తిప్పి పంపడం అంత సులువు కాదు.

రెసిన్, ప్లాస్టిసైజరు, రంగు కలిపి వేడి రోలర్ల మధ్య పలుచగా సాగదీస్తే మూల ఫిల్ము తయారవుతుంది. తర్వాత చెక్కిన సిలిండర్లతో చారల అచ్చు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సిలిండరు. పైన రక్షణ పొర, ఎంబాసింగు, వెనుక జిగురు పట్టేందుకు ప్రైమరు. ఇవన్నీ ఒకే ఫ్యాక్టరీలో చేసేవారున్నారు. మూల ఫిల్ము ఒకచోట కొని, అచ్చు వేరొకచోట వేయించి, తమ లేబులు అంటించి అమ్మేవారూ వున్నారు. ఈ రెండవ రకం వారంతా చెడ్డవారని కాదు, చిన్న ఆర్డరు తీసుకునేది తరచు వారే. అయితే మూల ఫిల్ము మారితే పైరంగు కూడ మారుతుందని తెలిసి కొనాలి. సిలిండర్లు ఎవరి దగ్గర వున్నాయి, మూల ఫిల్ము ఎవరిది, పాత లాటుల ముక్కలు భద్రపరుస్తారా అని అడిగితే, జవాబు వచ్చే తీరులోనే పార్టీ ఎటువంటిదో తెలిసిపోతుంది.

ఇక మందం. ధర మీటరు లెక్కన, ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చు కిలో లెక్కన. నష్టం ఇక్కడే వస్తుంది. 1.4 మీటర్ల వెడల్పు, 300 మీటర్ల పొడవు, 0.15 మి.మీ. మందం గల రోలు తీసుకుందాం. ఘన సెంటీమీటరుకు 1.35 గ్రాముల చొప్పున అది సుమారు 85 కిలోలు తూగాలి. మందం 0.14 అయితే 79 కిలోలు పైచిలుకు. ఆ తేడా కంటికి కనబడదు. రోలుకు అయిదున్నర కిలోల సరుకు మాత్రం అమ్మినవానికి మిగిలినట్లే. ఎంబాసింగు గల ఫిల్మును మైక్రోమీటరు ఎత్తైన చోటనే కొలుస్తుంది, కనుక కాటాయే మేలు. సుద్ద ఎక్కువ కలిపి బరువు పెంచే కిటుకు కూడ వున్నది. అటువంటి ఫిల్మును గట్టిగా మడిస్తే గీత తెల్లబారుతుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, ఎంత శాతం తేడా ఒప్పుకుంటారో ఒప్పందంలో వ్రాయించాలి.

లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిస్తే నిశ్చింత అనుకోవడం పొరపాటు. 2007 జూలై 1న అమలుకు వచ్చిన యు.సి.పి. 600 నిబంధనలలో 5వ ఆర్టికిల్ ప్రకారం బ్యాంకులు చూసేది పత్రాలనే గాని సరుకును కాదు. పత్రాలు సక్రమంగా వుంటే కంటైనరులో ఏమున్నా పైకం చెల్లిపోతుంది. కాబట్టి ఎల్.సి.లో కోరే పత్రాలలోనే స్వతంత్ర తనిఖీ సంస్థ సర్టిఫికెట్టును చేర్చాలి: లోడింగుకు ముందు తూచిన బరువు, సీలు వేసిన శాంపిలుతో రంగు పోలిక అందులో వుండాలి.

కస్టమ్సు వద్ద ప్లాస్టిసైజరు 6 శాతం లేక అంతకు మించిన ఫిల్ము 3920 43 కిందికి, తక్కువైనది 3920 49 కిందికి వస్తాయి. వెనుక జిగురుతో వచ్చే రకం 3919. ఆ శాతాన్ని ఫ్యాక్టరీ వ్రాసి ఇవ్వాలి. 2024 జూలై బడ్జెట్టులో పి.వి.సి. ఫ్లెక్స్ ఫిల్ముపై మూల సుంకం 10 నుండి 25 శాతానికి పెరిగింది. అలంకరణ ఫిల్ము ఇన్‌వాయిసులో అజాగ్రత్తగా 'ఫ్లెక్స్' అనే మాట పడితే వివాదానికి తావిచ్చినట్లే.

కొరియా సరుకుపై 2010 నాటి ఒప్పందం కింద సుంకం రాయితీ కోరేవారికి మూలదేశ సర్టిఫికెట్టు ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబరు 21న అమలైన నియమాల ప్రకారం సరుకు అక్కడ ఏ విధంగా తయారైనదో దిగుమతిదారు వద్ద సమాచారం వుండాలి, దానిని అయిదేళ్లు భద్రపరచాలి. లేబులు మాత్రమే తనదైన పార్టీ ఈ వివరాలు ఇవ్వలేదు.

మొదటి ఆర్డరు ఒకే డిజైనులో, రెండు లాటులుగా, కొన్ని వారాల ఎడంతో ఇవ్వవచ్చు. మొదటి లాటు ముక్కకు తేదీ వేసి చీకటి బీరువాలో దాచాలి. రెండవది దిగిన రోజున రెండింటినీ ఒకే చెక్కపై పక్కపక్కన అతికించి, పగటి వెలుతురులోను, ట్యూబులైటు కిందను చూసి, ఆ తర్వాతనే పూర్తి కంటైనరు మాట ఎత్తాలి.