నరముల తొడుగు – దానికి కలుగు చేటు

మన పాదమున ముల్లు గ్రుచ్చుకొనిన మరుక్షణముననే కాలు వెనుకకు తీసికొందుము. ఆ వార్తను మోసికొనిపోవునవి నరములు. ఒక్కొక్క నరములో సన్నని తంతువులు పెక్కులుండును. వానిలో ననేకములను మయలిన్ అను క్రొవ్వు పదార్థపు తొడుగు చుట్టుకొనియుండును. విద్యుత్తు తీగెపై నుండు రబ్బరు తొడుగు వంటిదే యిది. కాని యొక భేదము గలదు. మయలిన్ తొడుగునకు నడుమనడుమ చిన్న ఖాళీలుండును. వార్త ఒక ఖాళీనుండి మరియొక ఖాళీకి దుముకుచు పోవును. అందుచేత తొడుగుగల తంతువులలో వార్త సెకనుకు 100 మీటర్ల వరకు పరుగెత్తగలదు. తొడుగులేని సన్నని తంతువులలో 2 మీటర్లకు మించి పోజాలదు.

ఈ తొడుగు చెడుటవలన కలుగు వ్యాధియే మల్టిపుల్ స్క్లెరోసిస్. దేహమునకు కావలి కాయవలసిన రక్షణకణములు పొరబడి, మెదడు, వెన్నుపాము, కంటినరములందలి మయలిన్‌పై దాడి చేయును. కంచెయే చేను మేసినట్లగును. గాయపడిన చోట మచ్చ యేర్పడి గట్టిపడును. ‘స్క్లెరోసిస్’ అనగా గట్టిపడుట. ‘మల్టిపుల్’ అనగా పెక్కుచోట్ల. అట్టిచోట్ల వార్తలు ఆలస్యముగా సాగును. కొన్ని త్రోవలోనే ఆగిపోవును.

ఇంగ్లండు రాజు మూడవ జార్జి మనుమడైన అగస్టస్ డి ఎస్టేకు 1822లో చూపు మసకబారెను. అది తనంతట బాగుపడెను గాని, పిమ్మటి యేండ్లలో కాళ్లు బలహీనములయ్యెను. తన బాధనంతయు ఆయన దినచర్యలో వ్రాసికొనెను. అది ఈ వ్యాధియేయని నేటి వైద్యుల యభిప్రాయము. 1868లో పారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో అను వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా స్పష్టముగా వర్ణించెను.

మచ్చ యెచ్చట నేర్పడునో అచ్చటి పని చెడును. కంటినరమున నేర్పడిన చూపు మందగించును. వెన్నుపామున నేర్పడిన కాళ్లు తిమ్మిరియెక్కును. చిన్నమెదడున నేర్పడిన నడక తూలును. కావున ఇద్దరు రోగుల బాధ యొక్కతీరుగ నుండదు. తరచుగా 20–40 ఏండ్ల వయసున, పురుషులకంటె స్త్రీలలో హెచ్చుగ, ఇది ప్రారంభమగును. పెక్కుమందిలో కొన్నాళ్లు హెచ్చి, మరల తగ్గుచుండును. ఎండవేడిమికిని, జ్వరమునకును బాధ తాత్కాలికముగా పెరుగును, చల్లబడిన తగ్గును.

ఇది అంటువ్యాధి కాదు, శాపమును గాదు. ఎప్‌స్టీన్-బార్ అను వైరస్‌కు దీని పుట్టుకతో గట్టి సంబంధము గలదని 2022లో వెలువడిన పరిశోధన తెలిపినది. అయినను ఆ వైరస్ పెద్దలలో దాదాపు అందరికిని సోకియుండును. వారిలో ఈ వ్యాధి వచ్చువారు బహు కొలదిమంది మాత్రమే.

వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. కాని 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా మొదలుకొని, దాడులను తగ్గించు మందులు పెక్కు వచ్చినవి. ఎం.ఆర్.ఐ. పరీక్షలో మచ్చలు కనబడును. చికిత్స ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. కావున ఒక కంటిచూపు హఠాత్తుగా మసకబారినను, కాళ్ల తిమ్మిరి దినముల తరబడి విడువకున్నను, అది తగ్గిపోయినదిగదాయని యూరకుండక వైద్యుని చూడవలెను. మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందును ఈ వ్యాధి పేర్కొనబడియున్నది.

ఈ రోగులను మిక్కిలి బాధించునది అలసట. అది పైకి కనబడదు. చూచుటకు ఆరోగ్యముగానున్న తల్లియో, అన్నయో, ఉపాధ్యాయుడో మధ్యాహ్నమునకే కూలబడినచో మనము తొందరపడి సోమరితనమందుము. విద్యార్థులారా! గాయము కాలికి గాక కాలికి వార్తనంపు తంతువునకు తగిలియుండవచ్చునని తెలిసినవారము గనుక, ఆ మాట మన నోట రానీయకుందము. వారి చేతిలోని బరువందుకొని, నీడపట్టున కూర్చుండబెట్టుట మనమందరమును చేయదగిన పని.